వివాహ వైభవము – వివేకము

ఫాల్గుణ మాసమున ధర్మపురిలో శ్రీ లక్ష్మీనరసింహస్వామికి బ్రహ్మోత్సవములు జరుగును. చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చిన జనము దక్షిణవాహినియైన గోదావరిలో స్నానము చేసి, స్వామి కల్యాణమును కన్నులార చూచి పోవుదురు. కోనేటిలో తెప్పోత్సవమును, డోలోత్సవమును జరుగును. ఆ కల్యాణమును శ్రద్ధతో గమనించినవారికి ఒక విషయము తోచకపోదు. అందు అలంకారమునకు లోటు లేదు. పూలున్నవి, పట్టున్నది, వాద్యమున్నది, దీపమున్నది. కాని ప్రతి వస్తువునకును ఒక స్థానము, ప్రతి పనికిని ఒక వేళ, ప్రతి మనుష్యునకును ఒక పాత్ర కలదు. మాంగల్యధారణ వేళ వాద్యము ఎందుకు హెచ్చునో, తలంబ్రాల వేళ జనము ఎందుకు ముందునకు వంగి చూచునో, అక్షరము రాని వృద్ధురాలు సైతము చెప్పగలదు. అర్థముతో కూడిన వైభవము చూచువారి కన్నులకు భారము కాదు.

అదే ఊరిలో, అదే నదీతీరమున, మనుష్యుల పెండ్లిండ్లు నేడు జరుగుచున్న తీరును ఈ దృష్టితో పరిశీలింపవలసి యున్నది. ఒక తరము క్రిందటివరకు ఈ ప్రాంతమున పెండ్లి ఇంటి ముంగిటనే జరిగెడిది. పచ్చి కొమ్మలతో పందిరి వేసెడివారు. కుమ్మరి ఐరేని కుండలను, మేదరి గంపలను చేటలను, కంసాలి పుస్తెను మట్టెలను తెచ్చెడివారు. వేసవి సెలవులలో ఊరి బడి గదులే మగపెండ్లివారికి విడిది. నేడు ధర్మపురి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములకు పోవు రహదారుల ప్రక్కన ఫంక్షను హాళ్ళు వెలసినవి. పూల గోడలు, ఎల్.ఇ.డి. తెరలు, డ్రోను కెమెరాలు, వధూవరులు నడచి వచ్చునప్పుడు వెలువడు కృత్రిమ ధూమము, ఇవన్నియు ఒక ధరల పట్టికలో చేరినవి. పెండ్లిని మొదటినుండి చివరివరకు నడిపించి ఇచ్చు నిర్వాహకుడను క్రొత్త వృత్తివాడు పుట్టినాడు.

మార్పు ఎంతవరకు వచ్చినదో తెలియుటకు ఒక్క ఉదాహరణము చాలును. పెండ్లికి ముందు వధువునకు పసుపు పూసి మంగళస్నానము చేయించుట మన ఇండ్లలో అనాదిగా ఉన్నదే. ఇంటి ఆడపడుచులు, ఇరుగు పొరుగు ముత్తయిదువలు కలిసి గంటసేపట ముగించెడి వేడుక అది. నేడు దానికి ‘హల్దీ’ అని పేరు వచ్చినది. దానికి వేరుగా వేదిక, వేరుగా పసుపుపచ్చని దుస్తులు, వేరుగా ఛాయాచిత్రకారుడు. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతములు పసుపు పంటకు పేరుపడినవి. పొరుగుననున్న నిజామాబాదు కేంద్రముగా జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో ప్రారంభమైనది. పసుపు పండించు నేలమీద పసుపు వేడుకను పరభాషలో పేరుపెట్టి విలువకట్టి కొనుక్కొనవలసి వచ్చుట వింత కాక మరేమి?

అయినను క్రొత్తదైనంత మాత్రమున దేనిని నిందింపరాదు. హాలును, నిర్వాహకుని ప్రజలు ఊరక ఆశ్రయింపలేదు. కుటుంబములు చిన్నవైనవి. అన్నదమ్ములు దుబాయిలోనో, మస్కట్టులోనో ఉందురు. పది దినములు ముందుగా వచ్చి పిండివంటలు చేయు ఆడపడుచులకు ఇప్పుడు ఉద్యోగములు, పిల్లల పరీక్షలు ఉన్నవి. మునుపటి పెండ్లిలో సగము మంది స్త్రీలు పొయ్యియొద్దనే ఉండి తలంబ్రాలు చూడకయే పోయెడివారను మాట మరువరానిది. హాలు వచ్చి వారికి కూర్చుండుటకు ఒక కుర్చీ నిచ్చినది. అది మేలే. ఆ సౌకర్యముతోబాటు ఇంటికి వచ్చిచేరిన వ్యయము ఎవరి చెమటనుండి వచ్చుచున్నదనునదే విచారింపదగినది.

ఈ ప్రాంతపు సంపాదన ఎట్టిదో ఎల్లరెరుగుదురు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల యువకులు వేలకొలదిగా గల్ఫు దేశములకు పోయి భవన నిర్మాణమునందును, పారిశుద్ధ్యపు పనులందును కూలి చేయుదురు. కోరుట్ల, మెట్‌పల్లి ఇండ్లలో స్త్రీలు బీడీలు చుట్టుదురు. వారికి కూలి వేయింటి లెక్కన వచ్చును. దినమునకు వేయి బీడీలు చుట్టుట చేయి తిరిగినవారికిని కష్టమే. సిరిసిల్లలో మరమగ్గములు నడచినంతకాలమే కూలి. నూలు ధర పెరిగినను, వస్త్రమునకు గిరాకి తగ్గినను మగ్గము ఆగును. ఆ పట్టణపు నేతకార్మికుల అప్పులు ఎన్ని ప్రాణములను బలిగొన్నవో గడచిన మూడు దశాబ్దముల పత్రికలు చూచినవారికి తెలియును. ఇట్టి సంపాదనపై నగరములోని వ్యాపారి వైభవమును మోపినప్పుడు ఆ భారము ఎచ్చట పడునో ఊహించుట కష్టము కాదు.

లెక్క వేసి చూతము. ఒక పెండ్లికి 800 మంది అతిథులు వచ్చిరనియు, ఒక్కొక్క భోజనమునకు 300 రూపాయలైనదనియు అనుకొందము. భోజనములకే 2,40,000 అగును. హాలుకు 70,000, వేదికకు 80,000, ఛాయాచిత్రములకు 60,000 కలిపిన మొత్తము 4,50,000. బంగారము, బట్టలు ఇందులో చేరలేదు. గల్ఫులోనున్న ఆ ఇంటి కుమారుడు తిండికి, గదికి పోను నెలకు 15,000 మిగిల్చి పంపుచున్నచో, ఈ సొమ్ము తీరుటకు ముప్పది నెలలు పట్టును. ఒక్క సాయంకాలమునకై రెండున్నర సంవత్సరముల ఎడారి ఎండ. అప్పు తెచ్చి చేసినచో వడ్డీతో కలిసి అది మరింత పెరుగును. చెల్లెలి పెండ్లి అప్పు తీర్చుటకై మరల విమానమెక్కినవాడు తన పెండ్లికి సెలవు దొరకక తేదీలు మార్చుకొనుట ఈ పల్లెలలో అపూర్వమైన సంగతి కాదు.

ఆడపిల్ల పెండ్లి పేదలకు భారమగుచున్నదని గుర్తించియే తెలంగాణ ప్రభుత్వము 2014 అక్టోబరు 2న ‘కల్యాణలక్ష్మి’, ‘షాదీ ముబారక్’ పథకములను ప్రారంభించినది. మొదట 51,000 రూపాయలుగా నున్న సహాయము 2017లో 75,116 రూపాయలకును, 2018లో 1,00,116 రూపాయలకును పెరిగినది. మొదట షెడ్యూల్డు కులములకు, తెగలకు, మైనారిటీలకు వర్తించినది తరువాత వెనుకబడిన తరగతులకును విస్తరించినది. వధువునకు పదునెనిమిది ఏండ్లు నిండియుండవలెనను నియమము దీనికి ప్రాణమువంటిది. ఆ నియమము బాలికను మరి కొంతకాలము బడిలో నిలుపగలదు. కాని సహాయమెంత పెరిగినను ఆచారపు వ్యయము దానికన్న వేగముగా పెరిగినచో, ప్రభుత్వమిచ్చిన సొమ్ము బీదయింటికి ఊరటగా మిగులదు. అది వేదికమీది పూలలో కలిసి మరునాటికి వాడిపోవును.

చట్టముతో వ్యయమును అరికట్టవచ్చునా? ఆ ప్రయత్నములు లేకపోలేదు. తజికిస్తాన్ దేశము 2007లో వేడుకలను క్రమబద్ధము చేయుచు ఒక శాసనమును తెచ్చి అతిథుల సంఖ్యకు హద్దు పెట్టినది. మన దేశమున 2017లో జమ్ము కాశ్మీరు ప్రభుత్వము అతిథులకును, వంటకములకును పరిమితులు ప్రకటించినది. అయిదు లక్షలకు మించి వ్యయము చేయువారు అందు పదవ వంతును పేద బాలికల వివాహములకై ఇయ్యవలెనని లోక్‌సభలో ఒక అనధికార బిల్లును ప్రతిపాదించిరి. అది శాసనము కాలేదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టపు చరిత్రయే ఈ మార్గమునకు గల పరిమితిని చూపుచున్నది. పెండ్లిపందిరిలో ఇరుపక్షములును సమ్మతించి చేయు పనిని పట్టుకొనుట శాసనమునకు సులభము కాదు.

చట్టము చేయలేనిది 2020లో ఒక వ్యాధి చేసినది. కరోనా కాలమున పెండ్లికి ఏబదిమందికన్న ఎక్కువ కూడరాదని కేంద్రప్రభుత్వము ఆదేశించినది. ఆ ఏబదిమంది నడుమ జరిగిన వివాహములు ఏ విధముగను తక్కువ వివాహములు కాలేదు. ఆ కాలము రెండు సత్యములను నేర్పినది. వధూవరులు ఒకటగుటకు పూల గోడ అక్కరలేదనునది మొదటిది. రాలేకపోయిన మేనత్త, ఫోను తెరలో పెండ్లి చూచి కంటతడి పెట్టిన తాత లేని లోటు మాత్రము దేనితోను తీరదనునది రెండవది. పెండ్లికి వస్తువులు తగ్గినను తగ్గవచ్చును, మనుష్యులు తగ్గరాదు. వ్యాధి తొలగిన పిదప సమాజము రెండవ పాఠమును జ్ఞాపకముంచుకొని, మొదటిదానిని మరచినట్లున్నది. 2023 చివర ప్రధానమంత్రి ధనిక కుటుంబములు విదేశములలో పెండ్లిండ్లు చేయుట మాని స్వదేశముననే చేయవలెనని కోరినప్పుడు, పెండ్లి ఎంత పెద్ద వ్యాపారమైనదో దేశమున కంతటికిని తెలిసినది.

ఈ సందర్భమున ధర్మపురికే చెందిన శేషప్ప కవి స్మరింపదగినవాడు. ఆయన నరసింహ శతకమును తెలుగు పిల్లలు తరతరములుగా చదువుచున్నారు. ధనమును తాననుభవింపక, ఇతరులకు పెట్టక దాచువానిని ఆ కవి తేనెటీగతో పోల్చి మందలించెను. కనుక ఖర్చు చేయుట తప్పని ధర్మపురి కవి చెప్పలేదు. ఎవరికిని అక్కరకు రాని ధనము వ్యర్థమని చెప్పెను. నేటి పెండ్లి వ్యయమునకును ఇదే గీటురాయి. వెచ్చించిన రూపాయి వచ్చినవారిలో ఎవరి ఆకలిని, ఎవరి అలసటను, ఎవరి మనసును తాకినదని ప్రశ్నించుకొన్నచో, ఏది సొగసో ఏది ఆడంబరమో తేలిపోవును.

ఈ గీటురాయిపై మొదట నిలువవలసినది వివాహవిధియే. 1955 నాటి హిందూ వివాహ చట్టములోని ఏడవ విభాగము ఆచారానుసారమైన విధులు జరుగవలెనని చెప్పి, సప్తపది ఉన్నచోట ఏడవ అడుగుతో వివాహము పూర్తియగునని నిర్ణయించినది. 2024 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఒక తీర్పునందు ఈ సంగతినే గుర్తు చేసి, వివాహము ఆటపాటలకును విందువినోదములకును సాకు కాదని హెచ్చరించినది. మన హాళ్ళలో ఆ ఏడడుగులు ఎందరికి కనబడుచున్నవి? వేదికపై ఛాయాచిత్రకారుల వీపులే అతిథుల కన్నులకు కనబడును. పురోహితుడు చెప్పిన మాట వధూవరులకే అర్థము కాదు. పెండ్లితంతు తెలుగువారికి తెలుగులోనే తెలియవలెనని త్రిపురనేని రామస్వామి చౌదరి ‘వివాహవిధి’ని వ్రాసెను. అంతదూరము పోకున్నను, ప్రతి ఘట్టమునకు ముందు దాని అర్థమును రెండు మాటలలో చెప్పించుటకు, ఆ వేళకు కెమెరాలను ప్రక్కకు నిలుపుటకు కాసు ఖర్చు లేదు.

రెండవది వివాహ నమోదు. 2002 నాటి చట్టము ప్రకారము ఇది తప్పనిసరి. భర్త గల్ఫుకు తిరిగి పోయిన పిదప భార్యకు వీసా కావలెనన్నను, ఆపద వచ్చినప్పుడు ఆమె హక్కు నిలువవలెనన్నను ఆ పత్రమే ఆధారము. వేలు పోసి అచ్చువేయించిన ఆల్బము ఆ పనికి రాదు. అట్లే 1985 నాటి నిబంధనలు వధూవరులకు వచ్చిన కానుకల జాబితాలు వ్రాసి సంతకములు చేసి ఉంచవలెనని చెప్పుచున్నవి. మన చదివింపుల పుస్తకము ఇట్టి ఉపయోగమునకు సిద్ధముగా ఉన్నదే. ఆ పుస్తకమునకు మరియొక అర్థమును కలదు. నేడు వారు వ్రాయించినది రేపు వారి ఇంట వీరు తిరిగి వ్రాయింతురు. వడ్డీలేని చేబదులువంటి ఈ ఏర్పాటు ఒక ఇంటి భారమును నూరిండ్లకు పంచెడిది. భోజనపు వెల చదివింపును మించిన నాటినుండి ఆ లెక్క తప్పినది.

మూడవది అతిథి. వైశాఖ జ్యేష్ఠములలో ఈ ప్రాంతపు ఎండ 45 డిగ్రీలకు చేరుట కలదు. ఆ ఎండలో దూరమునుండి వచ్చిన వృద్ధునకు నీడలో ఆసనము, చేతికి చల్లని మంచినీరు, చెప్పిన వేళకు భోజనము, రాత్రి ఊరు చేరుటకు బండి ఏర్పాటు చేసినవాడే నిజముగా పెండ్లిని చక్కగా చేసినవాడు. వంటకముల సంఖ్య ఇరువది దాటినప్పుడు నాలుక అలయును, విస్తరి నిండును, అన్నము కుప్పలో పడును. 2022లో ప్రపంచమున 105 కోట్ల టన్నుల ఆహారము వృథా అయినదనియు, వినియోగదారులకు అందిన ఆహారములో అది సుమారు అయిదవ వంతనియు ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ప్రకటించినది. పంక్తిలో కూర్చుండబెట్టి, అడిగి వడ్డించు మన పాత పద్ధతిలో ఆకలిని కనిపెట్టి చూచు కన్నొకటి ఉండెడిది.

నాలుగవది పొరుగువాడు. రాత్రి పది గంటలనుండి ఉదయము ఆరు గంటలవరకు ధ్వనివర్ధకములను మ్రోగింపరాదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెప్పుచున్నవి. పెండ్లిండ్ల కాలమును, పదవ తరగతి పరీక్షల కాలమును తరచు కలిసియే వచ్చును. అర్ధరాత్రి బరాత్ వాద్యము గోడలను కదలించుచుండగా పుస్తకము ముందు కూర్చున్న విద్యార్థి ఆ ఇంటి శుభమును మనసార కోరగలడా? వీధిలో ఒక్క పిల్లవాడైనను పరీక్షకు చదువుచున్నాడని తలచి వాద్యమును తొమ్మిదింటికే ఆపించుట అందరు మెచ్చదగిన మర్యాద.

అయిదవది వస్తువు. అలంకారమునకు వాడు థర్మోకోలును, ప్లాస్టిక్కు పళ్ళెములను, గ్లాసులను 2022 జులై 1 నుండి దేశమంతట నిషేధించిరి. వాటి స్థానమున మోదుగు ఆకుల విస్తళ్ళు, మామిడి తోరణములు, మట్టి కుండలు మనకు క్రొత్తవి కావు. కరీంనగరపు వెండితీగ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. దూరదేశపు గాజుబొమ్మకు మారుగా ఆ పనివాని చిన్న పన్నీరుబుడ్డి కానుకగా శోభించును. బంధువులకు బట్టలు పెట్టు ఆచారమునే చూడుడు. ఎవరును కట్టని చౌక చీరెలు ఒక ఇంటినుండి మరియొక ఇంటికి పెట్టెలో మడత విప్పకయే తిరుగుచుండును. నలువదింటికి బదులు పదింటినే కొని, అవి కట్టుకొనదగినవిగా సిరిసిల్ల నేతవాని చేతినుండి కొన్నచో, కట్టుకొన్న ఆడపడుచును సంతోషించును, మగ్గమును నడచును. 2017 నుండి కొన్నేండ్లు బతుకమ్మ చీరెల ఉత్తరువులు ఆ ఊరి మగ్గములను నడిపిన సంగతి కొనువాడుండిన నేత నిలుచునని చాటినది.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. పూర్వపు పందిరిని పొగడుచు పూర్వపు అన్యాయమును తిరిగి తేరాదు. కుమ్మరి కుండకు, మంగలి సన్నాయికి, చాకలి సేవకు ఆనాడు దక్కినది తరచు ఇంత ధాన్యము, ఒక పాత బట్ట. వారు పందిరి వేయుటలో ముందుండి, పంక్తిలో వెనుకనుండిరి. నేడు వారి పనితనమును కోరువారు దానికి పూర్తి వెల కట్టవలెను. వారిని అతిథులతో సమానముగా కూర్చుండబెట్టవలెను. అట్లు చేయని దేశీయత మరియొక విధమైన వేషము మాత్రమే.

ఈ విషయమున పాఠశాలకు పని లేదనుకొనరాదు. పైన వేసిన లెక్క ఎనిమిదవ తరగతి విద్యార్థికి మించినది కాదు. ఉపాధ్యాయుడు ఒక దినము లాభనష్టముల పాఠమునకు బదులు ఒక పెండ్లి లెక్కను నల్లబల్లపై వ్రాయించి, దాని ప్రక్కనే ఒక బాలిక డిగ్రీ చదువునకగు ఖర్చును వ్రాయించినచో చాలును. తీర్పు ఉపాధ్యాయుడు చెప్పనక్కరలేదు. తన పెండ్లికై తండ్రి చేయబోవు అప్పు ఎంతయో తెలిసిన పిల్ల, “నాయనా, పూల గోడ వద్దు, మేనత్తను మాత్రము తప్పక పిలువుము” అని అనగలుగును. ఇంటిలో ఆ మాట మొదట అనవలసినవారు వధూవరులే. పెద్దలు తరచు నలుగురిలో తలవంపు వచ్చునను భయముతోనే ఖర్చు చేయుదురు. ఆ భయమును తీర్చు శక్తి పిల్లల నోట ఉన్నది.

ధర్మపురి కల్యాణమును చూచి తిరిగిపోవు జనము దారిలో చెప్పుకొను మాటలు వినదగినవి. స్వామి నగల వెల ఎంతయని ఎవరును అడుగరు. ఈ ఏడు తలంబ్రాలు తమ దోసిట పడినవని ఒకరు, రద్దీలో పసిబిడ్డను ఎత్తుకొని చూపించిన అపరిచితుడు చల్లగా ఉండవలెనని మరొకరు చెప్పుకొందురు. ఈ ప్రాంతపు పెండ్లినుండి ఇంటికి పోవు బంధువులును ఇట్టి మాటలే చెప్పుకొన్ననాడు, గల్ఫులోనున్న ఆ ఇంటి కుమారునికి రెండేండ్ల అప్పు మిగులదు. తనవారి నడుమ గడపిన ఒక మంచి దినము మిగులును.